శోధ్‌గంగలో తెలుగు థీసిస్: ఫైలు ఎందుకు వెనక్కి వస్తోంది?

పీహెచ్‌డీ థీసిస్ ఎలక్ట్రానిక్ కాపీ ఇవ్వాలన్నది యూజీసీ 2009లో పెట్టిన నిబంధన. ఆ కాపీ గాంధీనగర్‌లోని యూజీసీ కేంద్రం ఇన్‌ఫ్లిబ్‌నెట్ నడిపే శోధ్‌గంగకు, అంటే థీసిస్‌ల ఆన్‌లైన్ రిపాజిటరీకి చేరుతుంది. సాధారణంగా అప్‌లోడ్ చేసేది స్కాలర్ కాదు, యూనివర్సిటీ కోఆర్డినేటర్. అందుకే తప్పు ఎక్కడుందో మనకు వెంటనే తెలియదు.

సమస్య: పీడీఎఫ్‌లో తెలుగు పదం వెతికితే దొరకదు. కాపీ చేసి పేస్ట్ చేస్తే పిచ్చి ఇంగ్లిష్ అక్షరాలు వస్తాయి.

తెలుగు శాఖల థీసిస్‌లలో అన్నిటికంటే పెద్ద చిక్కు ఇదే. డీటీపీ సెంటర్‌లో పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో టైప్ చేయించి ఉంటారు. తెర మీద 'అ' కనిపిస్తుంది, లోపల ఉండేది మాత్రం ఇంగ్లిష్ అక్షరాల కోడ్. ప్రింటుకు ఇబ్బంది లేదు. కానీ ఏళ్ల తరబడి చేసిన పరిశోధన ఏ సెర్చ్‌కూ అందకుండా పోతుంది. ఇతర రచనలతో ఎంత శాతం కలుస్తుందో లెక్కించే సిమిలారిటీ సాఫ్ట్‌వేర్ కూడా దాన్ని చదవలేదు కాబట్టి రిపోర్టులో సున్నా శాతం వచ్చినా అది లెక్కలోకి రాదు.

దీనికి దారి, ప్రతి తెలుగు అక్షరానికీ సొంత కోడ్ ఉండే యూనికోడ్‌లోకి మార్చడమే. అను నుంచి యూనికోడ్‌కు మార్చే కన్వర్టర్లు ఉన్నాయి. అయితే కన్వర్టర్ పని అయ్యాక మన పని మొదలవుతుంది. ఒత్తులు తారుమారవుతాయి, కొటేషన్ గుర్తులు వేరే అక్షరాలవుతాయి, మధ్యలో ఉన్న ఇంగ్లిష్ పదాలు అర్థం లేని తెలుగుగా మారతాయి. పద్యాలను తప్పకుండా మూలగ్రంథంతో పోల్చి చూడండి, ఒక్క ఒత్తు పోయినా గణం చెడుతుంది. తర్వాత మండలి, గౌతమి, నిర్మల వంటి యూనికోడ్ ఫాంటు పెట్టండి. పేజీలు పెరగడమో తగ్గడమో జరుగుతుంది కాబట్టి విషయసూచిక మళ్లీ చేయాలి. హార్డ్ కాపీకి, సాఫ్ట్ కాపీకి పేజీ నంబర్లు కలవాలంటే ఇదంతా బైండింగ్‌కు ముందే అయిపోవాలి.

అక్షరం అసలు సెలెక్టే కాకపోతే అది స్కాన్ చేసిన బొమ్మ. సంతకాలున్న పేజీలకే స్కాన్ వాడండి. మిగతాదంతా వర్డ్ ఫైలు నుంచి నేరుగా పీడీఎఫ్ చేయండి.

సమస్య: ఇంట్లో బాగానే ఉంది, లైబ్రరీలో అక్షరాల బదులు డబ్బాలు కనిపిస్తున్నాయి.

ఫాంటు పీడీఎఫ్‌లో ఎంబెడ్ కాలేదు, అంటే ఫైలు లోపల చేరలేదు. అక్రోబాట్ రీడర్‌లో కంట్రోల్, డి నొక్కి ఫాంట్స్ ట్యాబ్ చూడండి. ప్రతి ఫాంటు పక్కన ఎంబెడెడ్ అని ఉండాలి. లేకపోతే వర్డ్‌లో సేవ్ యాజ్‌కు వెళ్లి, పీడీఎఫ్ ఆప్షన్లలో, ఫాంట్లను ఫైలు లోపలే ఉంచే పీడీఎఫ్/ఏ ఎంచుకుని మళ్లీ సేవ్ చేయండి.

సమస్య: ఫైళ్ల పేర్లు సరిగా లేవని తిప్పి పంపారు.

థీసిస్ మొత్తం ఒకే ఫైలుగా ఇచ్చి ఉంటారు. టైటిల్ పేజీ 01తో మొదలుపెట్టి, అధ్యాయానికొక ఫైలు చొప్పున వరుస నంబర్లతో, ఇంగ్లిష్ అక్షరాల్లో పేర్లు పెట్టాలి. చివర 80 నంబరుతో రికమెండేషన్ అనే ఫైలు ఉంటుంది. అది గైడ్ ఇచ్చే సిఫార్సు లేఖ కాదు. టైటిల్ పేజీని, చివరి అధ్యాయాన్ని కలిపి చేసే ఫైలు.

సమస్య: ఫైలు తెరుచుకోదు.

ఎవరైనా కాపీ కొడతారన్న భయంతో పెట్టిన పాస్‌వర్డ్ వల్ల. తీసేయండి. మీ పేరుతో, తేదీతో రిపాజిటరీలో ఉండటమే మీకు రక్షణ.

సమస్య: సిమిలారిటీ 10 శాతం దాటింది.

యూజీసీ 2018 నిబంధనల ప్రకారం 10 నుంచి 40 శాతం మధ్య ఉంటే ఆరు నెలలకు మించని గడువులో సవరించి ఇవ్వాలి. టెన్షన్ పడి తిరగరాసే ముందు రిపోర్టు తెరిచి చూడండి. ఆధారం చూపిన ఉల్లేఖనలు, ఉపయుక్త గ్రంథసూచి, విషయసూచిక, ముందుమాట ఆ లెక్కలోకి రాకూడదు. కావ్యాల మీద చేసిన థీసిస్‌లో పద్యాలే శాతాన్ని పెంచుతాయి. వాటిని మినహాయించి మళ్లీ రిపోర్టు తీయమని లైబ్రరీలో అడగండి.

వైవా తర్వాత చేసిన సవరణలు లేని పాత ఫైలు ఇప్పటికే అప్‌లోడ్ అయిపోయి ఉంటే, దాన్ని మీరుగా మార్చలేరు. గైడ్ సంతకంతో కోఆర్డినేటర్‌కు లేఖ రాసి, సరైన ఫైళ్లు జతచేసి ఇవ్వండి.