ఏళ్లుగా కదలని క్యాంపర్ వ్యాన్: లక్షణం, కారణం, పరిష్కారం

ఇంట్లో పెద్దవాళ్ల తర్వాత చేతికొచ్చిన పాత క్యాంపర్‌లో లోపాలు రెండు రకాలు. తుప్పు, ఎండిన రబ్బరు, జిగురుగా మారిన పెట్రోలు కాలం తెచ్చినవి. అప్పటికి బండి కదిలితే చాలని ఎవరో ముడేసిన వైరు, వేరే మోడల్ నుంచి తెచ్చి బిగించిన కార్బురేటర్ మనుషులు తెచ్చినవి. ఎక్కువ సతాయించేవి ఈ రెండో రకమే, మాన్యువల్‌లో వాటి ఊసే ఉండదు కాబట్టి. అందుకే డ్యాష్‌బోర్డు అరలో దొరికే పాత బిల్లులు, చేతిరాత చీటీలు పారేయకండి. ఏ భాగం ఎప్పుడు మారిందో చెప్పే ఆధారం అదొక్కటే.

కింద ఇచ్చిన ఇంజిన్ కొలతలు ఫోక్స్‌వాగన్ టైప్ 2 వ్యాన్లలో వచ్చిన 1600 సీసీ ఎయిర్‌కూల్డ్ (గాలితో చల్లబడే) ఇంజిన్‌వి, అంటే ఫ్యాన్ పెట్టె ఇంజిన్ మీద నిలువుగా ఉండే రకానివి. 1700, 1800, 2000 సీసీ ఇంజిన్లలో ఫ్యాన్ క్రాంక్‌షాఫ్ట్ చివరే ఉంటుంది. వాటికి ఈ అంకెలు పనికిరావు. ఇంజిన్ నంబరు డైనమో స్టాండ్ కింద క్రాంక్‌కేస్ మీద కొట్టి ఉంటుంది. ముందు అది చూసి బండితో వచ్చిన ఇంజినేనా, మధ్యలో మారిందా అన్నది తేల్చుకోండి. బాడీ, బ్రేకులు, కరెంటు, గ్యాస్ విషయాలు ఏ పాత క్యాంపర్‌కైనా దాదాపు ఒకటే.

అందరికీ ముందు ఇంజిన్ చప్పుడు వినాలని ఉంటుంది. దాని వంతు నాలుగోది. మొదట బాడీ బలం, తర్వాత పెట్రోలు పైపులు, ఆ తర్వాత బ్రేకులు (వాటి వివరం కింద వచ్చినా పని మాత్రం ముందే).

జాకీ ఎత్తితే స్లైడింగ్ తలుపు పట్టేస్తోంది

ఇది తలుపు జబ్బు కాదు, బండి నడుము వంగుతోందన్న మాట. ఈ వ్యాన్లకు విడిగా బలమైన ఛాసిస్ ఉండదు. తలుపుల కింద పొడవునా సాగే సిల్లే బరువు మోస్తుంది. అది బయటి రేకు, మధ్య రేకు, లోపలి రేకు అని మూడు పొరలు. తుప్పు లోపలి నుంచి మొదలై బయటికొస్తుంది. పెయింట్ మీద చిన్న బుడగ కనిపించేసరికి మధ్య రేకు సగం తినేసి ఉంటుంది.

నిర్ధారణకు మూడు పనులు చేయండి. సిల్లు, జాకీ పాయింట్లు, చక్రాల వెనక మూలలు, బ్యాటరీ కింది పళ్లెం, ముందు అద్దం కింది రెండు మూలలు స్క్రూడ్రైవర్ మొనతో గట్టిగా పొడిచి చూడండి. మంచి రేకు ఖణేల్‌మంటుంది, తినేసిన రేకు బుస్సున లోపలికి పోతుంది. పలచటి గుడ్డ చుట్టిన అయస్కాంతం జరుపుతూ పోండి. పట్టు వదిలిన చోట పెయింట్ కింద ఉన్నది పుట్టీ. చివరగా తలుపు సందులు పైనా కిందా కొలిచి రాసుకోండి, జాకీ ఎత్తాక మళ్లీ కొలవండి. 2–3 మి.మీ. తేడా వచ్చిందంటే వెల్డింగ్ తప్పదు.

వెల్డింగ్‌లో జరిగే పెద్ద పొరపాటు బండి వేలాడుతుండగా సిల్లు కోసేయడం. అలా కోస్తే బాడీ వంగిన చోటే బిగుసుకుంటుంది, తర్వాత ఏ తలుపూ సరిగా పడదు. చక్రాల మీద బరువు పడేలా స్టాండ్లు సస్పెన్షన్ కింద పెట్టి, నేల మట్టం చూసుకుని, తలుపు ఖాళీల్లో 25 మి.మీ. చదరపు ట్యూబు అడ్డంగా వెల్డ్ చేశాకే కోత మొదలుపెట్టాలి. ఒక పక్క పూర్తయ్యేదాకా రెండో పక్క ముట్టుకోవద్దు. లోపలి రేకు నుంచి బయటికి రండి. 0.6 లేక 0.8 మి.మీ. వైరుతో మిగ్ వెల్డింగ్ చేస్తే 20–25 మి.మీ. దూరంలో చుక్కలు పెడుతూ, ఒక చివర తర్వాత రెండో చివరకు మారుతూ పోవాలి. ఏకబిగిన లాగితే వేడికి రేకు అలలు తేలుతుంది. కలిసే అంచులకు జింక్ ప్రైమర్, పెయింట్ ఆరాక సిల్లు లోపలికి మైనం స్ప్రే. అడుగున నీరు కారే రంధ్రాలు మైనంతో మూసుకుపోకుండా తీగతో తెరవండి. సగం సిల్లులు పాడైంది ఆ రంధ్రాలు మూసుకుపోయే.

వెల్డింగ్‌కు ముందు బ్యాటరీ, డైనమో వైర్లు విప్పాలి, పెట్రోలు ట్యాంకు బండి నుంచి దించేయాలి. ట్యాంకు ఖాళీ చేసి వదిలేస్తే చాలదు. ఖాళీ ట్యాంకులో ఆవిరి నిండు ట్యాంకు కన్నా ప్రమాదం.

ఇంజిన్ గదిలో పెట్రోలు వాసన

ఇది ఉండగా తాళం తిప్పొద్దు. ఎయిర్‌కూల్డ్ వ్యాన్లు కాలిపోవడానికి ముఖ్య కారణం ఇదే. పాత గుడ్డ అల్లిక హోసుల లోపలి రబ్బరు ఇథనాల్ కలిసిన పెట్రోలుకు మెత్తబడి చీలుతుంది. పైకి అల్లిక బాగానే కనిపిస్తుంది కాబట్టి చూసి నిర్ణయించలేం. ట్యాంకు నుంచి కార్బురేటర్ దాకా ఉన్న హోసులన్నీ మార్చేయడమే మార్గం. లోపలి వ్యాసం 5 మి.మీ., మీద ఎస్‌ఏఈ జె30 ఆర్9 అని ముద్ర ఉన్న రకం వాడండి. ప్రతి చివరకూ క్లిప్పు ఉండాలి. అడ్డుగోడ రంధ్రంలో ఇనుప పైపు ఒరుసుకోకుండా రబ్బరు వాషర్ ఉండాలి. ప్లాస్టిక్ ఫిల్టర్ డిస్ట్రిబ్యూటర్ మీద వేలాడుతుంటే తీసి ట్యాంకు వైపు, ఇంజిన్ గది బయటకు మార్చండి.

చాలామంది చూడనిది ఇంకొకటి ఉంది. కార్బురేటర్‌లోకి పెట్రోలు తెచ్చే చిన్న ఇత్తడి గొట్టం పై మూతలోకి కొట్టి దింపినదే, మర బిగింపు కాదు. వేళ్లతో తిప్పితే తిరిగిందంటే ఏదో ఒకరోజు ఊడి వేడి ఇంజిన్ మీద పెట్రోలు పోస్తుంది. మూత విప్పి, రంధ్రానికి మర కోయించి, మర ఉన్న గొట్టం బిగించాలి.

ట్యాంకులో మిగిలిన పాత పెట్రోలు మొత్తం తీసేయండి. కొత్తది కలిపితే సరిపోతుందనుకోవద్దు. అడుగున చేరిన జిగురు కరిగి నేరుగా జెట్‌లలోకి చేరుతుంది.

మొదటిసారి స్టార్ట్: తిరగని ఇంజిన్, తిప్పకూడని ఇంజిన్

నాలుగు ప్లగ్గులూ విప్పి ఒక్కో సిలిండర్‌లో 5 మి.లీ. ఇంజిన్ ఆయిల్ పోసి ఒక రోజు వదిలేయండి. తర్వాత డైనమో పుల్లీ నట్‌కు 21 మి.మీ. స్పానర్ పెట్టి చేత్తో తిప్పండి. కదలకపోతే బలం పెంచొద్దు, ఇంకో రెండు రోజులు ఆగండి. రింగులు పట్టేసిన ఇంజిన్‌ను సెల్ఫ్‌తో తిప్పితే రింగులు విరుగుతాయి.

తేలిగ్గా తిరిగితే కింది పుల్లీని రెండు చేతులతో పట్టుకుని ముందుకూ వెనక్కీ లాగి చూడండి. ఈ ఆట 0.07–0.13 మి.మీ. ఉండాలి. టక్కుమని చేతికి తెలిసేంత ఉంటే డయల్ గేజ్‌తో కొలవండి. 0.15 మి.మీ. దాటితే ఇంజిన్ దించి విప్పాల్సిందే. కార్బురేటర్, ప్లగ్గుల మీద ఖర్చు పెట్టకముందే ఈ ఒక్క కొలత తీసుకోవడం తెలివైన పని.

ఆయిల్ 2.5 లీటర్లు. విడి ఫిల్టర్ లేదు, అడుగున జాలీ మాత్రమే. జాలీ కింది పలకను పట్టే ఆరు చిన్న నట్లను 7 న్యూటన్ మీటర్ల కన్నా ఎక్కువ బిగిస్తే స్టడ్‌లు క్రాంక్‌కేస్ నుంచి ఊడొస్తాయి. కారుతోందని బిగించి, బిగించినందుకు ఇంకా కారడం ఇక్కడ మామూలే. కొత్త గాస్కెట్లు, కొత్త రాగి వాషర్లు వేసి వదిలేయండి. తర్వాత కాయిల్ వైరు తీసి, ప్లగ్గులు లేకుండానే పది సెకన్ల చొప్పున సెల్ఫ్ తిప్పండి. ఆయిల్ లైటు ఆరాక ప్లగ్గులు బిగించి స్టార్ట్ చేయండి.

చల్లగా ఉంటే స్టార్ట్ అవుతుంది, వేడెక్కాక సెల్ఫ్ ‘టిక్’మని ఊరుకుంటుంది

బ్యాటరీ మార్చడం, సెల్ఫ్ మార్చడం రెండూ తొందరపాటే. తాళం బండి ముందు ఉంది, సెల్ఫ్ వెనక ఉంది. అంత పొడవు పాత వైరులో వోల్టేజీ జారిపోతుంది. వేడికి సొలినాయిడ్ (సెల్ఫ్ మీది విద్యుదయస్కాంత స్విచ్) చుట్టకు నిరోధం పెరుగుతుంది, మిగిలిన వోల్టేజీ చాలదు. ఎవరైనా తాళం తిప్పుతుండగా సొలినాయిడ్ చిన్న టెర్మినల్ దగ్గర మల్టీమీటర్ పెట్టండి. బ్యాటరీ వోల్టేజీ కన్నా 2 వోల్టులకు మించి తగ్గితే సెల్ఫ్ పక్కన 30 ఆంపియర్ల రిలే బిగించండి. పాత వైరు రిలేను మాత్రమే నడుపుతుంది, సొలినాయిడ్‌కు కరెంటు బ్యాటరీ మందపు వైరు నుంచే వస్తుంది.

వోల్టేజీ బాగుండి కూడా బద్ధకంగా తిరిగితే గేర్‌బాక్స్ నుంచి బాడీకి వెళ్లే అల్లిక ఎర్త్ పట్టీ చూడండి. అదీ బాగుంటే గేర్‌బాక్స్ గూట్లో సెల్ఫ్ షాఫ్ట్ కూర్చునే ఇత్తడి బుష్ అరిగినట్టు. బుష్ మార్చకుండా కొత్త సెల్ఫ్ వేస్తే అదీ అలాగే తిరుగుతుంది.

బ్రేకులు

బండి ఒక పక్కకు లాగుతోందా, కాసేపు నడిపాక ఒక చక్రం మండుతోందా? హోసు లోపల ఉబ్బి ఉంటుంది. తొక్కినప్పుడు ఆయిల్ వెళ్తుంది, వదిలాక తిరిగి రాదు. చక్రం పట్టి ఉండగానే హోసుకు పై వైపు ఉన్న యూనియన్ కాస్త వదులు చేయండి. చక్రం వదలకపోతే, ఆ తర్వాత చక్రం దగ్గరి బ్లీడ్ నిపుల్ (ఆయిల్, గాలి బయటికి వదిలే చిన్న మర) తెరిచినప్పుడు వదిలితే తప్పు హోసుదే. రెంటికీ వదలకపోతే డ్రమ్ లోపల షూ, సిలిండర్ లేదా హ్యాండ్‌బ్రేక్ కేబుల్ పట్టేసింది. నాలుగు చక్రాలూ వేడెక్కుతుంటే పెడల్ దగ్గరికి రండి. మాస్టర్ సిలిండర్ రాడ్‌కు, పిస్టన్‌కు మధ్య దాదాపు 1 మి.మీ. ఖాళీ లేకపోతే ఆయిల్ వెనక్కి పోయే దారి మూసుకుంటుంది.

ఏళ్లుగా ఆగిన బండికి హోసులన్నీ, చక్రాల సిలిండర్లన్నీ మార్చి, ఒక లీటరు కొత్త డాట్ 4 ఆయిల్‌తో మొత్తం కడిగేయడమే నా లెక్కలో సరైనది. ఒక్కటొక్కటిగా మారిస్తే పాత వాటిలో బలహీనమైనది తర్వాత పోతుంది. డ్రమ్ విప్పినప్పుడు దుమ్మును గాలితో ఊదొద్దు. పాత షూలలో ఆస్బెస్టాస్ ఉండేది. తడిపి తుడవండి, మాస్క్ పెట్టుకోండి.

ఇంజిన్ వేడెక్కుతోంది, ఎత్తు ఎక్కేటప్పుడు బలం తగ్గుతోంది

రేడియేటర్ లేని ఇంజిన్ కాబట్టి గాలి దారి చూడాలి. నిలిచిపోయిన బండిలో మొదట అనుమానించాల్సింది ఎలుకల గూడు. ఫ్యాన్ పెట్టె కింద సిలిండర్ రెక్కల మధ్య గడ్డి, గుడ్డపీలికలు కుక్కి ఉంటాయి, పైనుంచి కనిపించవు. ఫ్యాన్ పెట్టె ఎత్తి చూడాల్సిందే. తర్వాత ఇంజిన్ చుట్టూ ఉండే రబ్బరు అంచు. అది తెగితే కింది వేడి గాలి పైకొచ్చి మళ్లీ ఫ్యాన్‌లోకే పోతుంది. చిన్న రేకు ముక్కలు కొన్ని లేకపోయినా ఇదే గతి. అనవసరమనుకుని ఎవరో తీసి పడేసి ఉంటారు.

ఒకే బెల్టు డైనమోనూ ఫ్యాన్‌నూ తిప్పుతుంది. దారిలో ఎర్ర ఛార్జింగ్ లైటు వెలిగితే వెంటనే ఆపండి, బెల్టు తెగితే ఇంజిన్‌కు గాలి లేదు. బొటనవేలితో నొక్కితే బెల్టు 15 మి.మీ. దిగాలి. బిగువు పెంచాలంటే పుల్లీ రెండు ముక్కల మధ్య నుంచి ఒక షిమ్ (పలచటి వాషర్) తీసి బయటి వైపు పెట్టండి, పారేయొద్దు.

ట్యాపెట్ల సందు (వాల్వుకు, దాన్ని నొక్కే రాకర్‌కు మధ్య ఖాళీ) పూర్తిగా చల్లారిన ఇంజిన్ మీద 0.15 మి.మీ. సెట్ చేయాలి. డిస్ట్రిబ్యూటర్ అంచు గీతకు రోటర్ తిరిగినప్పుడు మొదటి సిలిండర్. అక్కడి నుంచి కింది పుల్లీని గడియారానికి ఎదురు దిశలో సగం సగం చుట్టు తిప్పితే 2, 3, 4 వరుసగా వస్తాయి. కటకటలాడే ట్యాపెట్‌కు భయపడక్కర్లేదు, నిశ్శబ్దమైపోయిన దానికి భయపడాలి. మూడో సిలిండర్ ఎగ్జాస్ట్ సందు ప్రతిసారీ బిగుసుకుపోతుంటే ఆ వాల్వు సాగుతోంది, తల విరిగి పిస్టన్‌ను పొడిచే ముందు హెడ్ దించాలి. పాత ఫ్యాన్ పెట్టెల్లో ఆయిల్ కూలర్ సరిగ్గా దాని గాలికే అడ్డం ఉండటం ఇందుకు కారణం.

ఐడిల్ (యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజిన్ నెమ్మదిగా తిరగడం) నిలవకపోవడం: డిస్ట్రిబ్యూటర్ లోపలి పాయింట్ల సందు 0.4 మి.మీ. ఉందా, మానిఫోల్డ్ రబ్బరు గొట్టాలు చీలాయా, కార్బురేటర్ పక్కనున్న సొలినాయిడ్ తాళం తిప్పగానే టక్‌మంటోందా, ఈ వరుసలో చూడండి. 34 పిక్ట్-3 కార్బురేటర్‌లో ఐడిల్ పెంచేది పెద్ద బైపాస్ స్క్రూ. త్రాటిల్ స్క్రూ తిప్పితే మిగతావన్నీ తప్పుతాయి.

రాత్రికి బ్యాటరీ దిగిపోతోంది

అన్నీ ఆపి, బ్యాటరీ నెగటివ్ వైరు తీసి మధ్యలో ఆంమీటర్ పెట్టండి. 50 మిల్లీ ఆంపియర్లు దాటితే ఒక్కో ఫ్యూజూ తీస్తూ పోండి. ఏ ఫ్యూజు తీసినా తగ్గకపోతే, ఫ్యూజే లేకుండా క్యాంపర్ లోపలి లైట్లకో ఫ్రిజ్‌కో ఎవరో నేరుగా లాగిన వైరు ఉంది. అలాంటి ప్రతి వైరుకూ బ్యాటరీకి జానెడు దూరంలోపే ఫ్యూజు పెట్టండి. లైట్లు మినుకుమంటే పాత పింగాణీ ఫ్యూజుల చివర్లు, పట్టే రెక్కలు గరుకు కాగితంతో రుద్దండి. తెల్లది 8 ఆంపియర్లు, ఎర్రది 16. తెల్లది కాలుతోందని ఎర్రది వేస్తే వైరే ఫ్యూజవుతుంది.

పైకప్పు, గ్యాస్

పరుపు ఎప్పుడూ తడే అయితే కారుతోందా, చెమ్మ పడుతోందా తేల్చుకోండి. లోపలి అతుకుల వెంట పొడి టాల్కం చల్లి, బయట కింది నుంచి పైకి నిదానంగా నీళ్లు పట్టండి. పొడిలో గీత పడిన చోటే దారి. పై నుంచి పడితే ఎక్కడ కారిందో తెలియదు. ఎత్తే పైకప్పు కాన్వాస్‌ను మెత్తని బ్రష్, గోరువెచ్చని నీళ్లతో కడిగి పూర్తిగా ఆరాకే మూయండి. ఫైబర్ పైకప్పు చీలితే చీలిక చివర 3 మి.మీ. రంధ్రం వేసి ఆపి, లోపలి వైపు నుంచి మ్యాట్, రెసిన్ వేయండి.

స్టవ్ మంట పసుపుగా ఉంటే గాలి చాలడం లేదు, కార్బన్ మోనాక్సైడ్ పుడుతోంది. జెట్‌లో సాలెగూడు ఉంటుంది. స్పిరిట్‌లో నానబెట్టి ఊదండి, సూదితో పొడిస్తే రంధ్రం పెద్దదవుతుంది. గ్యాస్ గాలి కన్నా బరువు కనుక నేలలోని గాలి రంధ్రాల మీద కార్పెట్ పరచొద్దు. రబ్బరు గొట్టం, రెగ్యులేటర్ కొత్తవి వేసి సబ్బు నీళ్లతో చూడండి. ఇనుప పైపుల పని మాత్రం గ్యాస్ పని నేర్చినవారి చేతే చేయించాలి.

టైర్ల గీతలు ఎంత లోతున్నా పదేళ్లు దాటితే తీసేయండి. నాలుగంకెల ముద్రలో మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. మూడంకెలే ఉంటే అది 2000కు ముందుది.

మొదటి 500 కిలోమీటర్ల తర్వాత ఆయిల్ దించి జాలీ తీసి చూడండి. నల్లటి బంక పాత మురికి, దానికి భయం లేదు. అయస్కాంతానికి అంటుకునే ముక్కలు ఉక్కువి, ఒకటీ అరా అయితే ఇంకో 500 తిరిగి మళ్లీ చూడండి. అంటని వెండి మెరుపు పొడి బేరింగులది. అది కనిపించిన రోజే ఇంజిన్ దించండి.