పిల్లల మనసు బాగాలేదనిపిస్తే ఏం చేయాలి: ఒక స్కూల్ కౌన్సెలర్ చెప్పే మాటలు

దిల్‌సుఖ్‌నగర్ దగ్గర ఒక ప్రైవేటు స్కూల్లో నేను కౌన్సెలర్‌ని. నా గదికి వచ్చే తల్లిదండ్రుల్లో చాలామంది కూర్చోగానే తీర్పు చెప్పేస్తారు. "వీడికి బద్ధకం మేడమ్", "ఫోన్ పిచ్చి", "అంతా వాళ్ల నాన్న పోలికే". అవి నిజమే కావచ్చు గానీ వాటితో నేను చేయగలిగేది తక్కువ. "దసరా సెలవుల తర్వాత నుంచి రాత్రి ఒంటిగంట దాకా నిద్రపోవట్లేదు, క్రికెట్‌కి పిలిచినా పోవట్లేదు, సోమవారం పొద్దున కడుపునొప్పి అంటున్నాడు" అన్నారనుకోండి, సగం పని అయిపోయినట్టే.

అందుకే ముందు రెండు వారాలు గమనించి రాయండి. ఎప్పుడు పడుకున్నారు, ఎప్పుడు లేచారు, ఏం తిన్నారు, స్కూల్‌కి పోనని ఏ రోజు అన్నారు, కోపం వచ్చినా ఏడ్చినా దానికి ముందు ఏం జరిగింది. పాల లెక్క రాసే గోడ క్యాలెండర్ మీద మాత్రం రాయొద్దు, పిల్లలు చదువుతారు. ఫోన్‌లో రాసుకోండి. ఇంట్లో నానమ్మో అమ్మమ్మో ఉంటే ఆమెనూ అడగండి. మీరు ఆఫీసు నుంచి వచ్చేసరికి జరిగిపోయినవన్నీ ఆమె చూసి ఉంటుంది.

నిద్ర లెక్క దగ్గర కొంచెం ఆగండి. ఆరు నుంచి పన్నెండేళ్ల పిల్లలకి రోజుకి 9 నుంచి 12 గంటలు, పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ల వాళ్లకి 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. తెల్లారకముందే కాలేజీ బస్సు, రాత్రి దాకా స్టడీ అవర్లు ఉన్న ఇంటర్ పిల్లలకి ఇది ఎక్కడ దొరుకుతుంది? చిరాకు, మతిమరుపు, ఊరికే కళ్లలో నీళ్లు, ఇవన్నీ నిద్ర చాలకపోయినా వస్తాయి. ఒక ట్యూషన్ తగ్గించండి అంటే నా మీద కోపం తెచ్చుకున్న నాన్నలు ఉన్నారు. అయినా అదే చెబుతాను.

మాట్లాడాలంటే ఎదురుగా కూర్చోబెట్టుకోకండి. విచారణలా ఉంటుంది. బండి మీద ట్యూషన్ నుంచి వస్తుంటే చాదర్‌ఘాట్ సిగ్నల్ దగ్గర వెనక సీటు నుంచి వచ్చే మాటలు, డైనింగ్ టేబుల్ దగ్గర ఎన్నటికీ రావు. మొహం కనబడదు కాబట్టి చెప్పేస్తారు. అప్పుడు మీరు చేయాల్సింది "ఊ, తర్వాత?" అనడమే. "మా కాలంలో" అని మొదలుపెట్టారంటే అక్కడితో ఆ మాట ఆగిపోతుంది. ఆ రాత్రే పిన్నికి ఫోన్ చేసి చెప్పారని తెలిస్తే మళ్లీ నోరు విప్పరు.

రెండు వారాలు ఆగకూడని సందర్భాలు ఉన్నాయి. చచ్చిపోతానన్న మాట, ఒంటి మీద గాయాలు చేసుకోవడం, తిండి పూర్తిగా మానేయడం, ఎవరూ లేకపోయినా మాటలు వినబడుతున్నాయనడం. వీటిలో ఏది కనబడినా అదే రోజు డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాలి. "చచ్చిపోవాలనిపిస్తోందా నాన్నా?" అని సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన కలిగిస్తామేమో అన్న భయం వద్దు, అలా జరగదు. చాలామంది పిల్లలకి ఎవరో ఒకరు అడిగారన్నదే ఊరట. ఒంటరిగా వదలకండి. తాతయ్య బీపీ, షుగర్ బిళ్లలతో సహా ఇంట్లో మందులన్నీ తాళం వేయండి. వెంటనే ప్రమాదం ఉందనిపిస్తే దగ్గర్లోని ఆసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్లండి, లేదా 108కి ఫోన్ చేయండి. కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ నంబరు 14416. ఉచితం, 24 గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడొచ్చు. ఇంటర్ ఫలితాలు వచ్చే ముందే ఈ నంబరు ఫ్రిజ్ మీద అంటించి పెట్టండి. ఫెయిలైతే సప్లిమెంటరీ ఉంటుందన్న మాట కూడా ఫలితాలకి ముందే, మామూలుగా ఏదో మాట్లాడుతున్నప్పుడు చెప్పాలి.

ఎవరి దగ్గరికి వెళ్లాలి? మీ పిల్లల డాక్టర్‌తో మొదలుపెట్టండి. థైరాయిడ్, రక్తం తక్కువ, చూపు, వినికిడి సమస్యలు మనసు సమస్యల్లాగే కనిపిస్తుంటాయి. తర్వాత సైకాలజిస్టా, సైకియాట్రిస్టా అన్నది అవసరాన్ని బట్టి ఉంటుంది. సైకియాట్రిస్ట్ అంటే ఎంబీబీఎస్ మీద ఆ సబ్జెక్టు చదివిన డాక్టర్, మందులు రాస్తారు. క్లినికల్ సైకాలజిస్ట్ మందులు రాయరు, పరీక్షలు, థెరపీ చేస్తారు. వాళ్లకి రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉండాలి, నంబరు అడగండి. అడిగినందుకు చిన్నబుచ్చుకునే వాళ్ల దగ్గర ఫీజు కట్టకండి. ఎదుగుదల ఆలస్యం, మేధోపరమైన వైకల్యం అనుమానం ఉంటే బోయిన్‌పల్లి మనోవికాస్ నగర్‌లో వాటి కోసమే పనిచేసే జాతీయ సంస్థ (NIEPID) ఉంది.

ఇక ఎర్రగడ్డ. మన ఊళ్లో ఆ పేరు తిట్టయిపోయింది. "నిన్ను ఎర్రగడ్డకి పంపాలి" అని ఇంట్లో నవ్వుతూ అనే మాట పిల్లలు గుర్తుపెట్టుకుంటారు, తర్వాత తమకే కష్టమొస్తే దాచేస్తారు. అక్కడున్నది ఉస్మానియా మెడికల్ కాలేజీకి అనుబంధమైన సర్కారు మానసిక ఆరోగ్య ఆసుపత్రి. ఓపీలో చూపించుకుని ఇంటికి వచ్చేయొచ్చు. ప్రైవేటు ఫీజులు భరించలేక మధ్యలో మానేయడం కన్నా అది చాలా నయం.

మొదటిసారి తీసుకొచ్చేటప్పుడు ఐస్‌క్రీమ్ తిందామని అబద్ధం చెప్పి తీసుకురాకండి. "ఈ మధ్య నీకు నిద్ర పట్టట్లేదు కదా, దాని గురించి ఒకరితో మాట్లాడదాం" అంటే చాలు. గదిలో కాసేపయ్యాక మిమ్మల్ని బయట కూర్చోమంటాం. నొచ్చుకోవద్దు. పిల్లల ప్రాణానికి ముప్పుంటే మీకు తప్పకుండా చెబుతాం, లైంగిక వేధింపు విషయం బయటపడితే 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం స్థానిక పోలీసులకో, పోలీసుల్లోనే ఉండే ప్రత్యేక బాలల విభాగానికో తెలియజేయక తప్పదు. మిగతావి పిల్లలు ఒప్పుకుంటేనే. తిరిగి వెళ్తూ ఆటోలో "లోపల ఏం చెప్పావ్?" అని అడగకండి. "ఈ వారం ఇంట్లో మేం ఏం మార్చాలి?" అని మమ్మల్ని అడగండి. మేం చూసేది వారానికి ఒక గంట, మిగతాదంతా మీ దగ్గరే.

మందులు రాస్తే, నాలుగు వారాలకి బాగున్నాడని, పక్కింటావిడ అలవాటైపోతాయందని మధ్యలో ఆపకండి. ఎప్పుడు ఆపాలో, ఎలా తగ్గించాలో డాక్టరే చెప్పాలి. దుష్ప్రభావం కనిపిస్తే ఆ రోజే ఫోన్ చేయండి.

స్కూల్‌కి ఎంత చెప్పాలన్నది మీ ఇష్టం. జబ్బు పేరు అక్కర్లేదు. "మార్కులు క్లాసులో గట్టిగా చదవొద్దు, తల తిరిగితే బయటికి పంపండి" అని క్లాస్ టీచర్‌కి రెండు వాక్యాలు రాసిస్తే సరిపోతుంది. విద్యాహక్కు చట్టం దెబ్బలనే కాదు, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది, టీచర్ వినకపోతే ఆ మాట గుర్తుచేయండి. చదవడం, రాయడంలో ప్రత్యేక ఇబ్బంది ఉన్నట్టు తేలితే 2016 వికలాంగుల హక్కుల చట్టం కింద అది వైకల్యంగా గుర్తింపు పొందింది. బోర్డు పరీక్షలో అదనపు సమయం, రాసిపెట్టే మనిషి వంటి సౌకర్యాలు అడగొచ్చు. కానీ సర్టిఫికెట్లు, దరఖాస్తులు చాలా సమయం తింటాయి. పదో తరగతి ఫిబ్రవరిలో నా దగ్గరికి వస్తే నేను చేయగలిగింది పెద్దగా ఉండదు. ఎనిమిదిలోనే రండి.