పాత సైనికుల బీర్ కబుర్ల నుంచి అసలు ఖర్చు లెక్క తీయడం ఎలా

ఫిలిప్పీన్స్‌లో ఒకప్పుడు అమెరికా సైనిక స్థావరాలు, అంటే బేస్‌లు, ఉన్న ఏంజిలస్ సిటీ, ఒలొంగాపో, సూబిక్ వైపు రిటైరై స్థిరపడిన అమెరికన్ మాజీ సైనికులు ఇద్దరు ఒకచోట కూర్చున్నారంటే మాట ఎక్కడ మొదలైనా సరే, చివరికి పాత రోజుల్లో బీర్ ఎంతకొచ్చేదో అక్కడికే వచ్చి ఆగుతుంది. వినేవాళ్ళలో కొందరు ముసలాళ్ళ సోది అని లేచెళ్ళిపోతారు, ఇంకొందరు మొత్తం నమ్మేసి అయ్యో అప్పట్లో అన్నీ కారుచౌకంట, ఇప్పుడు అక్కడ బతకడం మన వల్ల కాదు అని తేల్చేసుకుంటారు. రెండూ తొందరపాటే. ఆ కబుర్లలో ఒక ఊరి యాభై ఏళ్ళ ఖర్చుల చరిత్ర ఉంది, దాన్ని బయటికి తీయడం తెలియాలి, ఆ పెద్దవాళ్ళు ఉండగానే తీయాలి.

మొదట ఏ సంవత్సరం అని అడక్కండి. అడిగితే డెబ్బైల్లో అనుకుంటా అంటారు, అక్కడితో అయిపోతుంది. సీసా గురించి అడగండి. ఏ బీర్, ఎంత సైజు, సీసా తిరిగిచ్చేస్తే డబ్బులు వెనక్కిచ్చేవాళ్ళా, అలా. శాన్ మిగెల్ పేల్ పిల్సెన్ అంటే పొట్టిగా, గోధుమరంగులో, కాగితం లేబుల్ లేకుండా గాజు మీదే పేరు ముద్రించిన 320 మిల్లీలీటర్ల సీసా, దాని మాట ఎత్తగానే వాళ్ళ చెయ్యి గాల్లో దాన్ని పట్టుకున్నట్టు ఆటోమేటిగ్గా వంకర తిరుగుతుంది, ఇక అక్కడినుంచి మాటలు వాటంతటవే వస్తాయి. బ్రాండ్ పేరు సంవత్సరాన్ని కూడా పట్టిస్తుంది. రెడ్ హార్స్ వచ్చింది 1982లో, శాన్ మిగ్ లైట్ 1999లో. కాబట్టి 1975లో రెడ్ హార్స్ తాగానంటే ఆయన రెండు కాలాల్ని కలిపేస్తున్నారని అర్థం, అబద్ధమని కాదు. మొహం మీద అనకండి, నోట్ చేసుకుని తర్వాత ఇంకోలా అడగండి.

తర్వాత పెద్ద సంఘటనలకి ముడిపెట్టండి. అధ్యక్షుడు మార్కోస్ పెట్టిన మార్షల్ లా, అంటే సైనిక శాసనం, 1972 సెప్టెంబర్‌లో వచ్చింది, అర్ధరాత్రి నుంచి తెల్లవారుజామున నాలుగు దాకా కర్ఫ్యూ, అందుకే కర్ఫ్యూ ఎత్తేదాకా బార్‌లోనే ఉండిపోయాం అని ఎవరైనా చెప్తే ఆ ధర 1970ల మధ్యదని రాసుకోవచ్చు. ప్రతిపక్ష నాయకుడు నినోయ్ అక్వినో హత్య 1983 ఆగస్టు, మార్కోస్ దేశం వదిలి పారిపోయింది 1986 ఫిబ్రవరి, పినటూబో అగ్నిపర్వతం పేలింది 1991 జూన్ 15, సూబిక్ బేస్ పూర్తిగా ఖాళీ అయింది 1992 నవంబర్. బూడిద పడకముందా, పడ్డాకా అని అడిగితే తడుముకునేవాళ్ళు ఉండరు.

సంవత్సరం దొరికాక మారకం రేటు చూడాలి, అసలు పని ఇక్కడే, చాలామంది వదిలేసేదీ ఇదే. పెసో అంటే ఫిలిప్పీన్స్ డబ్బు. డాలర్‌కి 1960ల చివర్లో 3.90 పెసోలు, 1970లో రేటుని ప్రభుత్వం కట్టెయ్యకుండా మార్కెట్‌కి వదిలేశాక ఆరు దాకా, 1983 అక్టోబర్‌లో 14, 1990లో సగటున 24 పైచిలుకు, 2004లో 56, 2012లో మళ్ళీ 42, 2024లో 57. ఈ వరుస చూస్తే ఒక విషయం తెలుస్తుంది. నెలకి వెయ్యి డాలర్ల పెన్షన్ వచ్చేవాళ్ళకి 2004లో చేతికి 56 వేల పెసోలు అందితే 2012లో అదే వెయ్యికి 42 వేలే అందాయి, మార్కెట్‌లో ఒక్క ధర పెరగకపోయినా ఇంట్లో నాలుగో వంతు కోత పడినట్టే. అంటే 2004లో వచ్చినాయన 2012 రోజులు గడ్డుగా గడిచాయంటే అందులో బీర్ రేటు పాత్ర ఎంత, పెసో బలపడటం పాత్ర ఎంత అనేది విడదీసి చూడాలి.

ఒక ఉదాహరణ. 1990లో బార్‌లో సీసా పది పెసోలు అన్నారనుకుందాం. అప్పటి రేటుకి అది దాదాపు 41 సెంట్లు. 1990 నుంచి 2024కి అమెరికాలో వినియోగ ధరలు సుమారు 2.4 రెట్లయ్యాయి, అంటే ఆ 41 సెంట్లు 2024 లెక్కలో 98 సెంట్లు, దాన్ని 2024 మారకం రేటు 57తో గుణిస్తే 56 పెసోలు. కాబట్టి 2024లో అదే బార్‌లో 80 అంటే పోల్చాల్సింది పదితో కాదు, 56తో. పెరిగింది, కానీ ఎనిమిది రెట్లు కాదు, ఒకటిన్నర రెట్ల లోపే. మిలిటరీ పెన్షన్, సోషల్ సెక్యూరిటీ అనే అమెరికా ప్రభుత్వ వృద్ధాప్య పెన్షన్ రెండూ అమెరికా ధరల సూచీతో పాటు పెరుగుతాయి కాబట్టి వాళ్ళ విషయంలో ఈ లెక్కే న్యాయమైనది. కానీ వాళ్ళు తాగింది కుర్రతనంలో, జీతం మీద. 1971 నవంబర్‌లో కొత్తగా చేరిన సిపాయి బేసిక్ పే 134 డాలర్ల నుంచి 288కి పెరిగింది, ఆ పెంపుకి ముందు నెలా తర్వాత నెలా బీర్ ధర ఒకటే అయినా వాళ్ళకి అది ఒకటి కాదు, అందుకే అప్పుడు మీ జీతమెంత అని తప్పకుండా అడగండి.

బార్ ధరా, సారీ-సారీ స్టోర్ ధరా అనేది కూడా అడగాలి. సారీ-సారీ అంటే అక్కడి వీధి చివర చిన్న కొట్టు, బార్‌కీ దానికీ చాలా తేడా.

ఇప్పటి ధరలో పన్ను కూడా విడిగా చూడండి. 2020లో వచ్చిన చట్టం ప్రకారం 2024లో బీర్ మీద ఎక్సైజ్ లీటరుకి 43 పెసోలు, 2025 నుంచి ఏటా ఆరు శాతం పెరుగుతుంది. 320 మిల్లీలీటర్ల సీసాకి 2024 లెక్కనే దాదాపు 14 పెసోలు, పైన 12 శాతం వ్యాట్. బార్ వాడు దోచుకుంటున్నాడు అనే కోపంలో కొంత భాగం చేరాల్సిన చోటు వేరే ఉంది.

ఇక బీర్ కబుర్లలో రాని ఖర్చులు మీరే అడిగి రాబట్టాలి. బేస్ ఉన్నన్నాళ్ళూ చాలామందికి కమిసరీలో, అంటే బేస్ లోపలి సరుకుల దుకాణంలో, అమెరికా ధరకే సరుకులు, పక్కనే మిలిటరీ ఆసుపత్రి, ఇవి ఖర్చు కిందే అనిపించేవి కావు. బేస్‌లు మూతపడ్డాక అవన్నీ పోయాయి. మెడికేర్, అంటే వృద్ధులకి అమెరికా ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా, అమెరికా బయట దాదాపు పనిచెయ్యదు, వీఏ (అమెరికా మాజీ సైనికుల వ్యవహారాల శాఖ) వాళ్ళ విదేశీ వైద్య పథకం సర్వీసులో వచ్చిన జబ్బులకే డబ్బిస్తుంది, మనీలాలో వీఏ క్లినిక్ ఉంది కానీ ఎనభై ఏళ్ళ మనిషి ఒలొంగాపో నుంచి అక్కడిదాకా ఆ ట్రాఫిక్‌లో పడి వెళ్ళిరావడం మాటలు కాదు. వాళ్ళ అసలు బెంగ బీర్ కాదు, ఇదే, కానీ ఆసుపత్రి బిల్లు గురించి నలుగురిలో చెప్పుకోవడం మొహమాటం, బీర్ గురించైతే నవ్వుతూ చెప్పుకోవచ్చు. అందుకని ఈ ప్రశ్న గుంపులో వెయ్యకండి, ఒక్కరే ఉన్నప్పుడు నెమ్మదిగా అడగండి.

రాసేటప్పుడు ధర పెసోల్లోనే రాయండి, పక్కన సంవత్సరం, చోటు, సీసా సైజు, ఆయన జీతం. డాలర్‌లోకి తర్వాత మార్చుకోవచ్చు, ముందే మార్చి రాసేస్తే ఏ రేటుతో మార్చారో ఇంకెవరికీ అంతుపట్టదు. అదే ప్రశ్న కొన్ని వారాలాగి మళ్ళీ అడిగి రెండు జవాబులూ ఉంచండి, కొట్టెయ్యకండి.

అన్నిటికంటే ముఖ్యంగా, ఇంట్లో భార్యని అడగండి. ఎక్కువమంది ఫిలిపినోలనే పెళ్ళి చేసుకుని ఉండిపోయినవాళ్ళు, ఇల్లు నడిపింది ఆవిడే. ఆయనకి గుర్తున్నది తను జేబులోంచి తీసి ఇచ్చిన బీర్ డబ్బులు. కిలో బియ్యం, నెల అద్దె, పిల్లల స్కూల్ ఫీజు, కరెంటు బిల్లు, ఏసీ పెట్టించాక ఆ బిల్లు ఎంతకెళ్ళిందో, ఇవన్నీ ఆవిడకే తెలుసు. ఆవిడ చెప్పినవి ఆయన కాలమ్‌లో కలిపెయ్యకుండా పక్కన ఇంకో కాలమ్ గీసి రాసుకోండి.