బధిర పిల్లలకు ఎలక్ట్రానిక్స్ నేర్పేవారికి: బల్లల అమరిక నుంచి తలుపు దీపం దాకా

బధిర పిల్లలకు ఎలక్ట్రానిక్స్ నేర్పేటప్పుడు అసలు చిక్కు చెవి దగ్గర కాదు, కంటి దగ్గర వస్తుంది. వినగలిగే పిల్లలు మాస్టారి మాట వింటూనే బ్రెడ్‌బోర్డు (సోల్డర్ లేకుండా తీగలు గుచ్చే రంధ్రాల పలక) మీద తీగ గుచ్చుతారు. వినలేని పిల్లలకు ఆ రెండు పనులూ కళ్లే చేయాలి. బోర్డు చూస్తే మీ సైగ పోతుంది, మిమ్మల్ని చూస్తే తీగ పక్క రంధ్రంలో దిగుతుంది. అందుకే చూపించడం, చేయడం ఎప్పుడూ కలపకండి. చేతులు ఖాళీ చేయించి, అందరి కళ్లూ మీ మీద ఉన్నాక ఒక్క అడుగు చూపండి. వాళ్లు చేసి తలెత్తేదాకా సైగ చేయకండి. భారతీయ సంకేత భాషలో అక్షరాలు రెండు చేతులతో చూపాలి కాబట్టి, చేతిలో తీగ ఉన్న పిల్లవాడు మిమ్మల్ని ప్రశ్న అడగలేడు. ఇలా నేర్పితే సమయం ఎక్కువ పడుతుంది. రెండు పీరియడ్లు కలిపి తీసుకోండి.

బల్లలు గుర్రపు నాడా ఆకారంలో వేయండి. కిటికీ మీ వెనక ఉంటే మీ ముఖం నల్లగా కనిపిస్తుంది, అది పిల్లల వెనక ఉండాలి. ఫోన్‌ను స్టాండుకు బిగించి, మీ చేతుల పని టీవీలో చూపండి. దుబాసీ ఉంటే ఆ టీవీ పక్కనే నిలబడాలి. పిలవాలంటే గది దీపం రెండుసార్లు ఆర్పి వెలిగించండి. కరెంటు పోయినప్పటి కోసం టార్చి దగ్గర పెట్టుకోండి. అన్ని బల్లలకూ కరెంటు ఒకే స్విచ్ నుంచి వెళ్లాలి, ఆ స్విచ్ మీ చేతికి అందాలి. "ఆగు" అని అరిచి ప్రమాదం ఆపే వీలు ఈ గదిలో లేదు. సోల్డరింగ్‌కు 25 వాట్ల ఐరన్ చాలు. దాని పొగకు ముక్కుకు మాస్కు బదులు కిటికీ, ఫ్యాను వాడండి. సంకేత భాషలో ముఖకవళికలు వ్యాకరణంలో భాగం, మాస్కు వాటిని కప్పేస్తుంది.

ఒడిశాలోని రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి వైపు ఇంకో ముడి ఉంది. ఇంట్లో పెదవులు తెలుగులో కదులుతాయి, బడిలో ఒడియాలో, భాగాల మీద ఉండేది ఇంగ్లీషు. కాబట్టి ప్రతి డబ్బా మీద ముందు భాగం బొమ్మ అంటించి, దాని కింద ఒడియా, తెలుగు పేర్లు రాయండి. సంకేతం కోసం ఢిల్లీలోని భారతీయ సంకేత భాషా పరిశోధన, శిక్షణ కేంద్రం నిఘంటువు వెతకండి, 2021 కూర్పులో 10,000 పదాలున్నాయి. అందులో లేని మాటకు పిల్లలతో కలిసి ఒక సంకేతం ఖాయం చేసుకుని, వీడియో తీసి పెట్టండి. ఉపాధ్యాయులందరూ అదే వాడాలి.

కిట్లలో శబ్దం మీద ఆధారపడే వస్తువులు చాలానే ఉంటాయి. తీగ తెగలేదని మల్టీమీటర్ చెప్పే కంటిన్యుటీ బీప్ అందులో మొదటిది. దాని బదులు 9 వోల్టుల బ్యాటరీ, 470 ఓముల రెసిస్టర్, ఎర్ర ఎల్‌ఈడీ వరసగా కలిపి, రెండు కొసలు బయటకు వదలండి. తీగ తెగకపోతే దీపం వెలుగుతుంది. బజర్ స్థానంలో 3 వోల్టుల నాణెం సైజు వైబ్రేషన్ మోటారు పెట్టండి. దాన్ని నేరుగా ఆర్డుయినో (ప్రోగ్రాం రాసి నడిపే చిన్న బోర్డు, ఇక్కడ ఊనో రకం) పిన్‌కు కలపకండి. ఊనో పిన్ నుంచి 20 మిల్లీఆంపియర్లకు మించి తీసుకోకూడదు, మోటారు అంతకన్నా చాలా ఎక్కువ లాగుతుంది. అందుకే మధ్యలో 2ఎన్2222 ట్రాన్సిస్టర్ పెట్టి, దాని బేస్‌కు పిన్ నుంచి 1 కిలో ఓము రెసిస్టర్ ద్వారా తీగ ఇవ్వండి. మోటారు మైనస్ కలెక్టర్‌కు, ప్లస్ వరసగా కలిపిన రెండు పెన్సిల్ సెల్స్ ప్లస్‌కు, ఎమిటర్ గ్రౌండ్‌కు. మోటారుకు అడ్డంగా 1ఎన్4007 డయోడ్ వేసి, దాని గీత ప్లస్ వైపు ఉంచండి. మోటారు కదలకపోతే ముందు సెల్స్ మైనస్‌నూ ఆర్డుయినో గ్రౌండ్‌నూ కలిపారో లేదో చూడండి. ఎక్కువగా మరిచిపోయేది అదే.

మొదటి ప్రాజెక్టుగా తలుపు తడితే వెలిగే తలుపు దీపం చేయించండి, అది ఆ పిల్లల ఇంట్లోనే పనికొస్తుంది. పీజో డిస్క్ (అదురును కరెంటుగా మార్చే బిళ్ల) ఎర్ర తీగ ఆర్డుయినో ఏ0 పిన్‌కు, నల్లది గ్రౌండ్‌కు, రెంటి మధ్య 1 మెగా ఓము రెసిస్టర్. అది లేకపోతే డిస్క్‌లో ఛార్జి నిలిచిపోయి అంకెలు ఊగిసలాడతాయి. 9, 10, 11 పిన్లకు తెల్ల ఎల్‌ఈడీలు, ఒక్కోదానికి విడిగా 220 ఓములు. డిస్క్‌ను తలుపు లోపలి వైపు టేపుతో గట్టిగా అదిమి అంటించండి, గాలి మిగిలితే తట్టు అందదు.

ప్రోగ్రాంలో ఏ0 విలువ 100 దాటితే దీపాలు 5 సెకన్లు మిణుకు మిణుకుమనాలి. తట్టు రెప్పపాటులో అయిపోతుంది, దీపం కూడా అంతసేపే వెలిగితే ఎవరూ చూడరు. 100 ఖాయం చేసే ముందు కంప్యూటర్‌లో ఆ విలువలను గీతగా చూపే సీరియల్ ప్లాటర్ తెరవండి. తట్టగానే తెర మీద కొండలా గీత లేస్తుంది. మెల్లగా తట్టితే గుట్ట, గట్టిగా కొడితే శిఖరం. శబ్దానికి హెచ్చుతగ్గులుంటాయని వినకుండానే కంటితో తెలుసుకునే చోటు ఇది, ఇక్కడ తొందరపడకండి. పిల్లల్ని వేలితో, గుప్పిటతో, చెంచాతో కొట్టి చూడనివ్వండి, హద్దు ఎంతో వాళ్లే నిర్ణయించాలి. పిచ్చి అక్షరాలు వస్తే సమాచారం పంపే వేగం ప్రోగ్రాంలోనూ తెర కిందా 9600 ఒకటే ఉందేమో చూడండి.

రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును నడిపే స్విచ్)తో 230 వోల్టుల ఇంటి బల్బు కలుపుదామని పిల్లలు అడుగుతారు. తరగతిలో వద్దు. ఈదురుగాలికి తలుపు అదిరి దీపం ఊరికే వెలుగుతుంటే హద్దు పెంచండి. అసలు వెలగడం మానేస్తే డిస్క్ మీది సోల్డర్ చూడండి. ఆ తీగలు సన్నం, తలుపు తీసి వేస్తుంటే అక్కడే ఊడతాయి. డిస్క్ నుంచి మూడు వేళ్ల దూరంలో తీగను తలుపుకు టేపు వేస్తే ఆ లాగుడు సోల్డర్ దాకా రాదు.