వాలెన్సియాలో కొత్తగా దిగినవాళ్ళు ముందు నేర్చుకోవాల్సింది తిండి వేళలు

స్పెయిన్‌లోని వాలెన్సియాకి వస్తున్నాం అని ఎవరు మెసేజ్ పెట్టినా నేను ముందు చెప్పేది ఒకటే, ఇక్కడి తిండి వేళలకి అలవాటు పడండి, మిగతావన్నీ మెల్లగా వాటంతటవే కుదురుకుంటాయి. నేను వచ్చిన మొదటి వారం రాత్రి ఏడింటికి ఆకలేసి వీధంతా తిరిగాను, హోటళ్ళు తెరిచే ఉన్నాయి, లోపల జనం కూర్చుని తాగుతున్నారు, కానీ వంట ఎనిమిదిన్నర తర్వాతే అన్నారు. ఇక్కడ మధ్యాహ్న భోజనం రెండింటికి మొదలు, రాత్రి భోజనం తొమ్మిదికి. చిన్న చిన్న షాపులు మధ్యాహ్నం రెండింటికి మూసేసి ఐదింటికి తీస్తారు, ఆదివారం చాలావరకు మూతే, అందుకే పాలు, గుడ్లు శనివారమే తెచ్చుకోండి.

కాగితాల సంగతి. అద్దె ఇల్లు మాట్లాడుకునేటప్పుడే ఎంపద్రొనమియెంతో చేసుకోనిస్తారా అని అడగండి. అంటే మీరు ఫలానా ఇంట్లో ఉంటున్నారని మున్సిపాలిటీ రిజిస్టర్లో పేరెక్కించుకోవడం. మా మొదటి ఓనరు దానికి ఒప్పుకోలేదు, ఆ కాగితం లేక హెల్త్ కార్డు ఆగిపోయింది, చివరికి ఇల్లే మారాల్సొచ్చింది. ఆరు నెలలు దాటిన వీసా మీద వచ్చేవాళ్ళు దిగిన నెలలోపు టీఐఈ కార్డుకి, అంటే విదేశీయులకిచ్చే గుర్తింపు కార్డుకి, అప్లై చెయ్యాలి, దానికి సితా ప్రేవియా, అదే అపాయింట్‌మెంట్, ఒకపట్టాన దొరకదు, రోజూ సైటు చూస్తూ ఉండాల్సిందే.

పేరు దగ్గర మనవాళ్ళకి ప్రత్యేకంగా ఇబ్బంది. ఇక్కడ ప్రతి మనిషికీ రెండు ఇంటిపేర్లు, సాధారణంగా తండ్రి వైపుది ఒకటి తల్లి వైపుది ఒకటి, ఫారంలో కూడా రెండు గళ్ళుంటాయి. పాస్‌పోర్టులో సర్‌నేమ్ దగ్గర ఏముందో అదే మొదటి గడిలో పొల్లు పోకుండా రాసి రెండోది ఖాళీగా వదిలెయ్యండి. అక్కడ కూర్చున్నవాళ్ళు మన పేర్లో రెండో ముక్కని కూడా ఇంటిపేరే అనుకుని ఎక్కించేస్తారు, అందుకే ప్రింట్ తీసేముందు స్క్రీన్ ఒకసారి చూపించమనండి. ఒక పేరు ఒక చోట ఒకలా, ఇంకో చోట ఇంకోలా పడితే దాన్ని సరిచేసుకోడానికి కాళ్ళరిగేలా తిరగాలి.

కూరగాయలకి ఒక్కసారైనా మెర్కాదో సెంత్రాల్‌కి వెళ్ళండి, 1928లో మొదలైన మార్కెట్టు, సోమవారం నుంచి శనివారం దాకా పొద్దున ఏడున్నర నుంచి మధ్యాహ్నం మూడింటి వరకు ఉంటుంది. కొట్టు ముందు జనం ఎలా పడితే అలా నిలబడినట్టు కనిపిస్తారు, వరసే లేదనుకుంటాం, కానీ ఉంది. వచ్చిన మనిషి "కియెన్ ఎస్ ఎల్ ఉల్తిమో?" అంటే చివర ఎవరు అని అడుగుతారు, ఎవరో ఒకరు చెయ్యెత్తుతారు, ఇంక ఆయన తర్వాత మీరే. మొదటిసారి నేను అడక్కుండా ముందుకెళ్తే ఒక పెద్దావిడ నా మోచెయ్యి మెల్లగా పట్టుకుని, ఆ మాట నాలుగుసార్లు నా చేత అనిపించి నేర్పింది. ఇప్పటికీ మందుల షాపులో, ఆస్పత్రిలో అదే మాట పనికొస్తోంది. కరివేపాకు, మినప్పప్పు లాంటివి రుసాఫా వైపు ఆసియా కొట్లలో వెతుక్కోండి.

అసలు నేను ఇంతగా రాయాలనుకున్నది ఎస్మొర్జరెట్ గురించి. పొద్దున తొమ్మిదిన్నర, పదకొండు మధ్యలో ఊరంతా పని ఆపి తినే రెండో టిఫిన్ ఇది, మేస్త్రీలు, ఆఫీసువాళ్ళు, రిటైరైనవాళ్ళు అందరూ ఒకే బార్లో కూర్చుంటారు. ముందు వేరుశెనక్కాయలు, ఆలివ్‌లు పెడతారు, తర్వాత మూరెడు బ్రెడ్డులో కూరి తెచ్చిన బొకదియ్యో, అంటే శాండ్‌విచ్, ఆఖర్న క్రెమాయెట్, అంటే రమ్మును చక్కెర, నిమ్మతొక్క, దాల్చినచెక్కతో కలిపి మంటపెట్టి దాని మీద పోసే కాఫీ. శాకాహారులైతే ఆలుగడ్డ ఆమ్లెట్ పెట్టిన బొకదియ్యో అడగొచ్చు, గుడ్డు తినేవాళ్ళయితేనే, మాంసం వద్దు అంటే మాత్రం చాలదు, హామ్, ట్యూనా వాళ్ళ లెక్కలో మాంసం కిందకి రావు, కాబట్టి "సిన్ హమోన్, సిన్ అతూన్" అని విడిగా చెప్పాలి. ఆఫీసులో ఎవరైనా ఎస్మొర్జరెట్‌కి పిలిస్తే పని ఉందని మానకండి. నాకు ఇక్కడ ఫ్రెండ్స్ దొరికింది ఆ బల్ల దగ్గరే, ఇల్లు దొరికింది కూడా అక్కడ విన్న ముక్క వల్లే.

స్పానిష్ వస్తే చాలు గానీ వాలెన్సియన్ కూడా ఇక్కడ అధికార భాషే, లిఫ్టులో "బోన్ దియా", అంటే శుభోదయం, అనండి, వాళ్ళ మొహం ఎలా విప్పారుతుందో చూడండి.

ఆదివారం ఎవరైనా పాయెల్యాకి, అంటే పెద్ద పెనంలో వండే ఇక్కడి అన్నం వంటకానికి, పిలిస్తే అది మధ్యాహ్నానికే, రాత్రికి కాదు. కోడి, కుందేలు, చిక్కుళ్ళు, పెద్ద తెల్ల చిక్కుడు గింజలు, కుంకుమపువ్వుతో కట్టెల మంట మీద వండుతారు, మధ్యలో గరిటె పెట్టి కలపరు. పెనం మధ్యలో పెట్టి అందరూ చెంచాలతో తినేచోట మీ ముందున్న భాగంలోంచే తినండి, పక్కవాళ్ళ వైపు చెంచా పోనివ్వద్దు. అడుగున మాడి కరకరలాడే పొరని సొకర్రాత్ అంటారు, చిన్నప్పుడు మనం గిన్నె గోక్కుని తిన్న మాడే అది, అడిగితే మీకే వదిలేస్తారు.