ఇద్దరూ ‘ఆమె’లే అయిన ప్రేమకథకి రివ్యూ రాయడం ఎలా

శ్రీకాకుళం ఏడురోడ్ల జంక్షన్ దగ్గర ఒక డీటీపీ షాపులో పని చేస్తాను. పగలంతా శుభలేఖలు, అద్దె అగ్రిమెంట్లు టైపు చేస్తాను. రాత్రి గిన్నెలు కడగడం అయ్యాక ఫోన్లో నవలలు చదువుతాను, ఎక్కువగా ఇద్దరు ఆడవాళ్లు ప్రేమించుకునేవి. ఆరేళ్లుగా వాటి మీద రివ్యూలు రాస్తున్నాను. ఎలా రాయాలని ఇద్దరు ముగ్గురు అడిగారు కాబట్టి నా పద్ధతి చెబుతాను.

అన్నిటికంటే ముందు ముగింపు సంగతి. మొదటి ఏడాది ఒక చారిత్రక నవల గురించి పొంగిపోయి రాశాను. భాష గురించి, ఆ కాలపు ఇళ్ల గురించి, బట్టల గురించి రెండు పేజీలు రాశాను. చివర్లో ఒకామె చచ్చిపోతుందని మాత్రం చెప్పలేదు, స్పాయిలర్ అవుతుందని. నా మాట నమ్మి ఒక స్నేహితురాలు అది చదివింది. రాత్రి ఒంటిగంటకి ఫోన్ చేసి, చాలాసేపు ఏమీ మాట్లాడకుండా ఉండి, “మళ్లీ మనల్నే చంపేశారే అప్పా” అంది. తప్పు ఆ రచయితది కాదు, నాదే.

ఈ చావుల వెనక పెద్ద చరిత్ర ఉంది. 1950ల్లో అమెరికాలో చవక పేపర్‌బ్యాకులు వేసేవాళ్లు, పుస్తకాలు పోస్టులో వెళ్తాయి కాబట్టి అశ్లీలమని పట్టుకుంటారన్న భయంతో, ఇలాంటి ప్రేమ సుఖంగా ముగియకూడదని రచయితలకి ముందే చెప్పేవారు. అలాంటి రోజుల్లో, 1952లో, పాట్రీషియా హైస్మిత్ ‘ద ప్రైస్ ఆఫ్ సాల్ట్’ని వేరే పేరుతో వేయించుకుంది. అందులో ఇద్దరూ బతికే ఉంటారు, ఆశ మిగులుతుంది. ఇది తెలిస్తే ఆ పాత పుస్తకాల్లో ఏది రచయిత మనసు, ఏది భయం పెట్టిన ముగింపు అని ఆలోచించడం మొదలవుతుంది.

అందుకని ఇప్పుడు నా రివ్యూలో మొదటి లైను ఎప్పుడూ ఇదే: ఇద్దరూ బతుకుతారా, కలిసి ఉంటారా. ఎలా అన్నది చెప్పను. రొమాన్స్ అని అట్ట మీద వేసుకున్న పుస్తకం సుఖాంతం ఇస్తానని ముందే మాట ఇచ్చినట్టు, కాబట్టి అది చెబితే గుట్టు బయటపెట్టినట్టు కాదు. క్రైమ్, హారర్ అలాంటి మాట ఇవ్వవు. అక్కడే మన పాఠకురాలికి ఆ ఒక్క లైను ఎక్కువ అవసరం.

చదవడం రెండుసార్లు. మొదటిసారి ఊరికే చదవండి. రెండోసారి మూడు చోట్లకే వెళ్లండి: ఒకరినొకరు మొదట గమనించిన చోటు, మొదటి గొడవ, ఎవరూ మాట్లాడని ఒక చోటు. ఒక నవలలో వానలో తడిసి వచ్చిన అమ్మాయి చేతిలోంచి రెండో అమ్మాయి గొడుగు తీసుకుంటుంది. నీళ్లు దులిపి, మడిచి, తన చెప్పుల పక్కన గోడకి ఆనిస్తుంది. అక్కడ పెట్టమని ఎవరూ చెప్పలేదు. వాళ్లు విడిపోయిన రోజు ఆ చెప్పుల పక్కన చోటు ఖాళీగా ఉంటుంది, నేల మీద గుండ్రటి నీటి మరక మాత్రం ఉంటుంది. నేను ముందు “కెమిస్ట్రీ అదిరింది” అని రాశాను. తర్వాత అది కొట్టేసి గొడుగు గురించి రాశాను. పుస్తకం తెప్పించుకున్నవాళ్లందరూ ఆ గొడుగు కోసమే తెప్పించుకున్నామన్నారు.

జానర్ మారితే అడిగే ప్రశ్న మారాలి. షెరిడన్ లె ఫాన్యు ‘కార్మిల్లా’ 1872 నాటిది, ‘డ్రాక్యులా’ కంటే పాతికేళ్లు ముందుది. అందులో ప్రేమించే ఆడదే రక్తం తాగే పిశాచి. దీనికి కోపం రావడం న్యాయమే. కానీ కథ చెప్పే అమ్మాయి, అంతా అయిపోయిన ఏళ్ల తర్వాత కూడా, గది గుమ్మం దగ్గర ఆమె అడుగుల చప్పుడు విన్నట్టే ఉంటుందంటుంది. హారర్‌లో నేను వెతికేది అదే, భయం కింద మిగిలిపోయిన బెంగ. ఫాంటసీలో అధికారం చూస్తాను. తాషా సూరి ‘ద జాస్మిన్ థ్రోన్’లో ఒకరు రాకుమారి, ఒకరు పనిమనిషి. పనిమనిషి కాదనగలదా, కాదంటే ఏమవుతుంది? మూడు పుస్తకాల వరసలో అది మొదటిది, అది కూడా రాయాలి, లేకపోతే చదివినవాళ్లు మధ్యలో చిక్కుకుంటారు. సారా వాటర్స్ ‘ఫింగర్‌స్మిత్’ లాంటి క్రైమ్ నవలైతే సగం వరకే కథ చెప్పి నోరు మూసుకోవాలి.

అడ్డంకి ఎక్కడిదో కూడా చూడండి. మా ఊళ్లో ఇద్దరు అమ్మాయిలు చేతులు పట్టుకుని అరసవల్లి దాకా నడిచినా ఎవరూ తలతిప్పి చూడరు. ఒకే గదిలో పడుకున్నా అమ్మ దుప్పటి తెచ్చిచ్చి వెళ్తుంది. ఇరవై మూడో ఏడు వచ్చి సంబంధాలు చూడటం మొదలయ్యాకే ఊపిరాడదు. మన ఊళ్లలో జరిగే కథలో ‘ఎవరైనా చూస్తారేమో’ అన్న టెన్షనే మొత్తం నడిపితే, అది వేరే ఊరి కథకి మన పేర్లు పెట్టినట్టే. ఆ మాట రివ్యూలో మర్యాదగా, కానీ తప్పకుండా రాస్తాను.

ఇక తెలుగులో రాసేవాళ్లకే వచ్చే చిక్కు: ఇద్దరూ ‘ఆమె’లే. “ఆమె ఆమె చెయ్యి పట్టుకుంది” అంటే ఎవరు ఎవరిది? పేర్లు వాడండి, విసుగనిపించినా సరే. వయసు తేడా ఉంటే పెద్దామెని ‘ఆవిడ’ అనండి, చిన్నదాన్ని ‘తను’ అనండి, సగం చిక్కు విడిపోతుంది. ‘వింత బంధం’, ‘తప్పటడుగు’ లాంటి మాటలు అలవాటుగా వచ్చేస్తాయి. వాటిని వెతికి తీసెయ్యండి. ప్రేమ అని రాయండి, చాలు.

మన దేశపు కథల్లో సుఖాంతం అంటే ఏమిటని కూడా ఆలోచించాలి. 2018లో సుప్రీంకోర్టు ఇలాంటి ప్రేమ నేరం కాదంది. 2023లో పెళ్లి హక్కు ఇవ్వలేదు. కాబట్టి శుభలేఖతో ముగించడం అంత తేలిక కాదు. మొన్న చదివిన ఒక కథ అద్దె అగ్రిమెంటుతో ముగుస్తుంది. ఓనరు ఒక పేరు చాలంటాడు. రెండో పేరు కూడా ఉండాలని ఆ అమ్మాయి పట్టుబడుతుంది, టైపు చేసేవాడు కాగితం మళ్లీ మొదటి నుంచి కొడతాడు. నేను రోజూ కొట్టే కాగితమే అది. ఆ రివ్యూకి మొదటి లైను ఇలా రాశాను: ఇద్దరూ బతికే ఉంటారు, ఒకే ఇంట్లో.