బెల్ అండ్ సెబాస్టియన్ పాటలను ఏ వరుసలో వినాలి?

స్కాట్లాండ్‌లోని గ్లాస్గో నగరంలో 1996లో ఏర్పడిన బెల్ అండ్ సెబాస్టియన్ బృందం ఇప్పటికీ పాటలు చేస్తూనే ఉంది. యాప్‌లో ఆ పేరు వెతకగానే వేర్వేరు కాలాల పాటలు కలగాపులగంగా పైకి రావడంతో, కొత్తవారికి ఈ బృందం తీరు అంతుపట్టదు. షఫుల్ ఆపేసి, ఒక్కొక్క ఆల్బమ్‌ను మొదటి పాట నుంచి చివరి పాట దాకా వినడానికి సిద్ధపడితే, బలం కూడదీసుకున్న ఒక గొంతు కథ మొత్తం ఆ వరుసలోనే వినిపిస్తుంది.

మొదట, వినడానికి ముందే, గాయకుడు స్టువర్ట్ మర్డాక్ గురించి కొంత తెలుసుకోవాలి. 1980ల చివర్లో ఆయనకు క్రానిక్ ఫటీగ్ సిండ్రోమ్ అనే జబ్బు సోకింది. మనిషిని ఏళ్ల తరబడి మంచానికి కట్టిపడేసే ఆ నీరసంలోనే ఆయన పాటలు రాయడం మొదలుపెట్టారు. కొంత కోలుకున్నాక, నిరుద్యోగ సంగీతకారుల కోసం నడిపే శిక్షణ కార్యక్రమంలో, తర్వాత ఈ బృందంలో బాస్ గిటారు వాయించిన స్టువర్ట్ డేవిడ్‌తో పరిచయమైంది. గ్లాస్గోలోని స్టో కాలేజీలో సంగీత వ్యాపారం చదివే విద్యార్థులు ఏటా ఒక రికార్డు విడుదల చేసేవారు. మామూలుగా అది ఒక్క పాటతో సరిపోయేది. మర్డాక్ దగ్గర పాటలు దండిగా ఉండటంతో ఆ ఏడాది ఏకంగా ఆల్బమ్ తయారైంది. అదే 1,000 ఎల్పీలు (పెద్ద గ్రామఫోన్ రికార్డులు) మాత్రమే అచ్చయిన టైగర్‌మిల్క్.

అయితే వినడం మాత్రం అదే 1996 నవంబరులో వచ్చిన రెండో ఆల్బమ్, ఇఫ్ యూఆర్ ఫీలింగ్ సినిస్టర్‌తో మొదలుపెట్టండి. బృందం గుణాలన్నీ అందులో ఒక్కచోట కుదురుకున్నాయని నా అభిప్రాయం. మొదటి పాట ది స్టార్స్ ఆఫ్ ట్రాక్ అండ్ ఫీల్డ్‌కు హెడ్‌ఫోన్స్ పెట్టుకోవడం మంచిది. గిటారుతో పాటు మర్డాక్ గొంతు దాదాపు గుసగుసలా మొదలవుతుంది కాబట్టి వాల్యూమ్ పెంచాలనిపిస్తుంది, కానీ పెంచకండి. వాద్యాలు ఒక్కొక్కటిగా చేరుతూ, పాట చివరికి వచ్చేసరికి ట్రంపెట్‌తో గది నిండిపోతుంది. ఆ ఎదుగుదలను గమనించడం అలవాటైతే మిగతా పాటలు వాటంతటవే దగ్గరవుతాయి. సాహిత్యాన్ని ఎదురుగా పెట్టుకొని రెండోసారి వినండి. బడి పిల్లలు, చర్చికి వెళ్లేవారు, ఎవరితోనూ కలవలేనివారు ఇందులోని పాత్రలు. ఒకప్పుడు చర్చి హాలుకు సంరక్షకుడిగా ఉంటూ, దాని పైనే నివసించిన మర్డాక్‌కు ఆ మనుషులు బాగా తెలుసు.

ఆ తర్వాత టైగర్‌మిల్క్ విని, 1997లో వచ్చిన మూడు ఈపీల (కొద్ది పాటలే ఉండే చిన్న రికార్డుల) దగ్గరికి రండి. చాలామంది వదిలేసేది వీటినే. ఈ పాటలను అప్పటి ఆల్బమ్‌లలో చేర్చలేదు కనుక ఆల్బమ్‌ల వెంటే వెళ్లేవారికి ఇవి తగలవు. 2005 నాటి పుష్ బార్‌మన్ టు ఓపెన్ ఓల్డ్ ఊండ్స్ సంకలనంలో అన్నీ దొరుకుతాయి. గాయని మోనికా క్వీన్ గొంతు కలిపిన లేజీ లైన్ పెయింటర్ జేన్‌ను మాత్రం ఏ పనీ పెట్టుకోకుండా వినండి. ఆమె నిండైన గొంతు పక్కన మర్డాక్ సన్నని గొంతు నిలబడిన తీరు, మాటలు అయిపోయాక వాద్యాలు ఉధృతంగా సాగిపోయే ముగింపు నన్ను ఇప్పటికీ కదిలిస్తాయి.

1998 నాటి ది బాయ్ విత్ ది అరబ్ స్ట్రాప్‌లో బృంద సభ్యులు స్టీవీ జాక్సన్, ఇసబెల్ క్యాంప్‌బెల్ కూడా పాడారు కాబట్టి, ఇది ఒక్కరి బృందం కాదని అక్కడ తెలుస్తుంది. 1999లో బ్రిటన్ సంగీత పురస్కారాలైన బ్రిట్ అవార్డుల్లో ఉత్తమ నూతన బృందం పురస్కారం కూడా వీరికే దక్కింది. 2000లో స్టువర్ట్ డేవిడ్, 2002లో క్యాంప్‌బెల్ బృందాన్ని వీడారు. ఆ మధ్య కాలపు రెండు ఆల్బమ్‌లను ప్రస్తుతానికి పక్కన పెట్టవచ్చు.

తర్వాతి అడుగులో వినే తీరును కాస్త మార్చుకోవాలి. 2003లో డియర్ కటాస్ట్రఫీ వెయిట్రెస్‌ను 1980ల భారీ పాప్ పాటలతో పేరు పొందిన ట్రెవర్ హార్న్ నిర్మించారు. మొదటి రెండు ఆల్బమ్‌లే అసలైనవని, ఇక్కడి నుంచి బృందం దారి తప్పిందని అనే అభిమానులు ఉన్నారు. నేను అంగీకరించను. లేచి నిలబడే ఓపిక లేని రోజుల్లో రాయడం మొదలుపెట్టిన మనిషి, ఓపిక వచ్చాక గట్టిగా పాడటంలో తప్పేముంది? పైగా ఆ ఆర్భాటం నడుమనే పియాజా, న్యూయార్క్ క్యాచర్ అనే పాట కేవలం గిటారు, గొంతుతో పాత పద్ధతిలోనే ఉంది. లాస్ ఏంజెలెస్‌లో నిర్మాత టోనీ హాఫర్‌తో చేసిన 2006 నాటి ది లైఫ్ పర్స్యూట్‌లో 1970ల గ్లామ్ (ఆర్భాటమైన రాక్), సోల్ (నల్లజాతి అమెరికన్ల పాటల శైలి) సంగీతాల ఛాయలు కనిపిస్తాయి. దానిని స్పీకర్లలో పెట్టి వినండి.

2015 ఆల్బమ్ గర్ల్స్ ఇన్ పీస్‌టైమ్ వాంట్ టు డాన్స్‌లో మొదటి పాట నోబడీస్ ఎంపైర్‌ను సాహిత్యంతో సహా వినాలి. అన్నేళ్లు పాత్రల చాటున ఉండిపోయిన తన జబ్బు గురించి మర్డాక్ అందులో నేరుగా పాడారు. పైన చెప్పిన నేపథ్యం తెలిసినవారికి అందులోని ప్రతి చరణం బరువుగా తగులుతుంది. ఆ తర్వాత గ్లాస్గోలోనే రికార్డు చేసిన 2022 నాటి ఎ బిట్ ఆఫ్ ప్రీవియస్, 2023 జనవరిలో వచ్చిన లేట్ డెవలపర్స్ ఒకే విడత పనిలో పుట్టినవి కనుక వాటిని వెంట వెంటనే వినండి.